చెన్నై ఉక్కపోతలో డ్రై ఫిట్: ₹250 టీషర్టు, ₹2,500 టీషర్టు

ముందు తీర్పు చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. చెన్నైలో పరుగుకో, షటిల్‌కో, జిమ్‌కో సింథటిక్ టీషర్టు కావాలంటే ₹2,500 పెట్టక్కర్లేదు, అలాగని ₹250కి వేలాడదీసిన ప్రతిదాన్నీ సంచీలో వేసుకోకూడదు. నాలుగైదు వందల్లో పల్చగా, చిల్లుల అల్లికతో, వీపు మీద పెద్ద బొమ్మ లేని పాలిస్టర్ టీషర్టు దొరికితే చాలు. ‘ఒంటిని పొడిగా ఉంచుతుంది’ అని లేబుల్ మీద రాస్తారే, ఆ మాట మాత్రం ఈ ఊళ్లో నమ్మకండి, ఏ కంపెనీ రాసినా సరే. పొడిగా ఉంచదు. చెమటకు బరువెక్కకుండా, వీపుకు అతుక్కుపోకుండా ఉంచుతుంది, అంతే. ఆ మాత్రానికి డబ్బు పెట్టొచ్చా అంటే, నన్నడిగితే నిక్షేపంగా పెట్టొచ్చు.

నేనుండేది అడయార్ వైపు. పొద్దున్నే బీసెంట్ నగర్ బీచి రోడ్డు మీద పరుగు, వారాంతాల్లో ఆఫీసులోని తెలుగువాళ్లతో ఇండోర్ కోర్టులో షటిల్. ప్రస్తుతం నా దగ్గర నాలుగు రకాలున్నాయి: పెరియమేడులో కొన్న పేరూ ఊరూ లేనిది, ఒక పెద్ద స్పోర్ట్స్ షోరూమ్ సొంత బ్రాండుది, మాల్‌లో కొన్న విదేశీ బ్రాండుది, ఒంటికి బిగుతుగా పట్టే నైలాన్-స్పాండెక్స్‌ది. ఇవి కాక పరుగు పందేల్లో ఊరికే ఇచ్చినవి బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత. ఏ కంపెనీవో పేర్లు రాయను. ఒకే బ్రాండులో ఈ ఏడాది వచ్చిన గుడ్డ వేరు, వచ్చే ఏడాది గుడ్డ వేరు, పేరు చూసుకుని కొంటే నష్టపోయేది మనమే. ఏం చూసి కొనాలో చెబుతాను, అది ఎక్కడైనా పనికొస్తుంది.

పెరియమేడు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే, నెహ్రూ స్టేడియం చుట్టుపక్కల, సిడెన్‌హామ్స్ రోడ్డు వెంట క్రీడా సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి. క్యారమ్ బోర్డు దగ్గర్నుంచి స్కూలు ట్రోఫీల దాకా అన్నీ దొరుకుతాయి. కారు తీసుకెళ్లకండి, పార్కింగ్ వెతుక్కునేసరికి మళ్లీ చెమట పట్టి అప్పుడే కొన్న టీషర్టు వేసుకోవాల్సి వస్తుంది. మెట్రోలో సెంట్రల్‌లో దిగి ఆటో మాట్లాడుకోవడం మేలు.

అక్కడ ఏ టీషర్టు పట్టుకున్నా ‘డ్రై ఫిట్’ అనే అంటారు. ఆ పేరు నిజానికి నైకీ వాళ్ల ట్రేడ్‌మార్కు. అడిడాస్ వాళ్లు క్లైమాకూల్, ఏరోరెడీ అని పెట్టుకున్నారు, పూమా వాళ్లది డ్రైసెల్, అండర్ ఆర్మర్ వాళ్లది హీట్‌గేర్. పేర్లు ఎన్నున్నా చాలావరకు లోపల గుడ్డ పాలిస్టరే, కాకపోతే అక్కడక్కడా కాస్త నైలాను, సాగడానికి కాస్త స్పాండెక్స్. దుకాణంలో లోపలివాళ్లు మాత్రం బ్రాండు మాటే ఎత్తరు, అల్లికను బట్టి పిలుస్తారు: డాట్ నిట్, రైస్ నిట్, హనీకోంబ్, సాప్ మ్యాటీ అని. మనం కూడా ఆ పేర్లతో అడిగితే చూపించే సరుకే మారిపోతుంది, ధర కూడా కొంచెం మర్యాదగా చెబుతారు.

నేను వెళ్లే దుకాణంలో కుర్రాడిది సూళ్లూరుపేట. మేమిద్దరం, అంటే నేనూ మా బావమరిదీ, ధర గురించి తెలుగులో గొణుక్కుంటుంటే విని నవ్వాడు. ‘ఏ ఊరన్నా మీది?’ అన్నాడు. నెల్లూరు అనగానే అప్పటిదాకా కౌంటర్ మీద పరిచిన కట్టంతా తీసి పక్కన పెట్టేసి, లోపల్నుంచి ఇంకో కట్ట తెచ్చాడు. నేను రంగులు చూస్తున్నా. ‘బయట చూడబాకన్నా, తిరగేసి చూడు’ అని ఒక టీషర్టును లోపలి వైపు బయటికి తిప్పి, ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకున్నాడు. సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు సూదిమొనల్లా వచ్చింది. తర్వాత తాగే నీళ్ల సీసా మూతతో ఒక బొట్టు నీళ్లు తీసి లోపలి వైపు వదిలాడు. బొట్టు పడీ పడగానే చదునైపోయి, అటూ ఇటూ పాకి, అరచేయంత తడి మరక అయింది. మొదట చూపించిన కట్టలోంచి ఇంకోటి తీసి దాని మీద కూడా వదిలితే బొట్టు తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలబడిపోయింది, గుడ్డ వంచితే జారి కింద పడింది. రెండిటి ధరలో తేడా ₹60. చూడటానికి రెండూ అచ్చం ఒకటే, నీలం రంగు కూడా ఒకటే.

ఈ బొట్టు పరీక్ష ఎవరైనా ఎక్కడైనా చేసుకోవచ్చు. మాల్‌లో అయితే చూసేవాళ్లు వింతగా చూస్తారు, అది మీ ఇష్టం. ట్రయల్ రూమ్‌లో తడి వేలు లోపలి వైపు అద్దినా సరిపోతుంది.

మా బావమరిది మాత్రం ఒప్పుకోలేదు. ‘బావా, ఇది మా నాయన పెళ్లికి వేసుకున్న టెర్లిన్ చొక్కా గుడ్డేగా? ఎండాకాలంలో అది తొడుక్కుని బస్సెక్కితే కొలిమిలో కూర్చున్నట్టుండేదని ఇప్పటికీ చెబుతాడు’ అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. రసాయనంగా చూస్తే రెండూ ఒకటే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన పోగు అది, టెరిలీన్ అని అమ్మారు, అమెరికాలో డ్యూపాంట్ వాళ్లు డేక్రాన్ అన్నారు. మనం తాగి పారేసే నీళ్ల సీసాదీ అదే పదార్థం. మామూలు వాతావరణంలో పత్తి పోగు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ 0.4 శాతం. అంటే పాలిస్టర్ పోగుకు నీళ్లంటే గిట్టదు. మరి నీళ్లంటే గిట్టని పోగు చెమటను ఎలా లాగుతుంది, అదే పోగుతో చేసిన టెర్లిన్ చొక్కా ఎందుకు ఉడికించింది?

కిటుకంతా పోగు లోపల కాకుండా పోగుకూ పోగుకూ మధ్య సందుల్లో ఉంది. దీపం ఒత్తి నూనెను పైకి లాగడం లాంటిదే, సందు ఎంత సన్నగా ఉంటే లాగే బలం అంత ఎక్కువ. టెర్లిన్ చొక్కా దట్టంగా నేసిన గుడ్డ, దాంట్లో గాలి ఆడదు, చెమట పాకదు. టీషర్టు అల్లిన గుడ్డ. పైగా ఇప్పుడు పోగులు చాలా సన్నగా తీస్తున్నారు. తొమ్మిది వేల మీటర్ల పొడుగు దారం ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు, టీషర్టుకు వాడే 75 డెనియర్ దారంలో 72 పోగులుంటే ఒక్కో పోగు డెనియర్ చుట్టుపక్కలే, 144 పోగులుంటే అందులో సగం. పోగులు పెరిగేకొద్దీ మధ్యలో సందులు పెరుగుతాయి, సన్నబడతాయి. ఇంకో పద్ధతి పోగు ఆకారాన్నే మార్చడం. డ్యూపాంట్ 1986లో తెచ్చిన కూల్‌మ్యాక్స్ అలాంటిదే, మామూలు పోగులా గుండ్రంగా కాకుండా పొడుగునా గాడులుంటాయి, చెమట ఆ గాడుల వెంట పరిగెడుతుంది. ఆ గాడులు ఉతికితే పోవు. కానీ ₹250 టీషర్టులో ఉండేది ఎక్కువగా గుండ్రటి పోగే, దానికి నీళ్లు పట్టేలా పైన ఒక రసాయనం పూత పూస్తారు, ఫినిషింగ్ అంటారు. సరిగ్గా పూయకపోతే ఆ పూత ఉతుకు ఉతుక్కీ కొంచెం కొంచెం పోతుంది. కొన్న కొత్తలో చాలా టీషర్టులు బొట్టు పరీక్షలో పాసవడానికి కారణం ఇదే, కాబట్టి దుకాణంలో పాసైన ప్రతిదీ మంచిదని చెప్పలేను. ఫెయిలైనది మాత్రం కచ్చితంగా కొనక్కర్లేదు.

ఇక్కడిదాకా గుడ్డ పని. అసలు చిక్కు దీని తర్వాతే. గుడ్డ చెమటను ఒంటి మీద నుంచి లాగి బయటి ముఖం మీద పల్చగా పరుస్తుంది, ఆరబెట్టాల్సింది గాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే లీటరు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద కారిపోతే ఒంటికి దక్కే చల్లదనం దాదాపు సున్నా. బీసెంట్ నగర్‌లో తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు సంగతి. సముద్రం పక్కనే కదా గాలి బాగా ఆడుతుంది అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. ఎండాకాలం సముద్రపు గాలి మధ్యాహ్నం ఎక్కాక లేస్తుంది, తెల్లారుజామున ఆకు కూడా కదలదు. ఆ వేళప్పుడు ఎంత గొప్ప టీషర్టు వేసుకున్నా చెమట బయటి ముఖం దాకా వచ్చి, అక్కడ వెళ్లే దారి లేక కూర్చుంటుంది, అంచుల నుంచి కారుతుంది, నిక్కరు తడుస్తుంది, చివరికి బూట్లు కూడా.

ఆన్‌లైన్‌లో ఈ టీషర్టులకు ఐదు నక్షత్రాలు ఇచ్చి ‘మ్యాజిక్’ అని రాసేవాళ్లలో ఎక్కువమంది బెంగుళూరువాళ్లని నా గట్టి అనుమానం. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, పొద్దున్నే చల్లటి గాలిలో కబ్బన్ పార్కులో పరిగెత్తేవాడికి నూలు బనియనైనా మ్యాజిక్కే. అక్కడుండే మా ఫ్రెండు నాతో పాటే ఒకే మోడల్, ఒకే రంగు టీషర్టు కొన్నాడు. వాడు పరుగు ముగించి కాఫీ తాగేలోగా ఆరిపోతుందంటాడు. నాది ఇంటికొచ్చి స్నానానికి విప్పేటప్పటికి పిండితే నీళ్లొస్తాయి. టీషర్టులో తేడా ఏమీ లేదు, ఊళ్లలో ఉంది. అందుకని రివ్యూ చదివేటప్పుడు రాసినవాడు ఏ ఊళ్లో చెమటోడ్చాడో ముందు చూడండి. అదే మనకు రోహిణి కార్తె రోజుల్లో, సముద్రపు గాలి ఆలస్యమై పడమటి పొడిగాలి కొడుతూ ఎండ 40 దాటినప్పుడు, ఇదే టీషర్టు తడిసిన గుర్తు కూడా లేకుండా ఆరిపోతుంది. అయితే ఆ ఎండలో పరిగెత్తమని ఎవరికీ చెప్పను.

ఇంకో మాట, కంపెనీలు చెప్పనిది. చెమట చర్మం మీదే ఆవిరైతే వేడంతా ఒంట్లోంచే పోతుంది, గుడ్డ బయటి ముఖం మీద ఆవిరైతే అందులో కొంత చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. మెరీనాలో కనిపించే పాతకాలపు నడక పెద్దాయనలు తడి నూలు బనియనే చల్లగా ఉంటుందని వాదిస్తారే, ఆ మాట కొట్టిపారేసేది కాదు. చల్లగానే ఉంటుంది. కాకపోతే అది నీళ్లు తాగి తాగి బరువెక్కి, కిందికి సాగి, చంకల్లో, ఛాతీ మీద రాపిడి పెట్టి, గంట పరుగు తర్వాత స్నానంలో సబ్బు తగిలితే కేక పెట్టిస్తుంది. నడకకు నూలు చాలు. పరుగుకు వద్దు.

ఇప్పుడు ఒక్కో టీషర్టు గురించి. పేరులేని ₹250ది మొదటి నెల బాగానే ఉంది, నేనే నలుగురికి చెప్పాను కూడా. ఉతుకులు పడేకొద్దీ లోపలి వైపు నీటిబొట్టు నిలబడటం మొదలైంది, చెమట వీపు మీదే జిగటగా ఉండిపోవడం మొదలైంది. గుడ్డ కూడా మందం, 180 జీఎస్‌ఎం ఉంటుందన్నారు, అంటే చదరపు మీటరు గుడ్డ 180 గ్రాములు. చెన్నైకి అంత మందం వద్దే వద్దు. కుట్లు లావుగా ఉండి భుజం దగ్గర గీరుకుంటాయి. దీన్నిప్పుడు బైకు తుడవడానికి వాడుతున్నాను, నీళ్లు పీల్చదు కాబట్టి ఆ పనికీ సరిగ్గా రాదు. సూళ్లూరుపేట కుర్రాడు లోపల్నుంచి తెచ్చిన ₹310ది మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, దానికి పది మార్కులకు ఏడు ఇస్తాను.

షోరూమ్ సొంత బ్రాండుది ఐదు వందల లోపే. నా చేతికి ముందుగా దొరికేది ఇదే, ఉతికి ఆరేసి ఉంటే ఇదే తొడుక్కుంటాను. చేతిలో పట్టుకుంటే ఏమీ పట్టుకున్నట్టుండదు, 120-130 జీఎస్‌ఎం మధ్య ఉంటుంది. వీపు పై భాగంలో, చంకల కింద పెద్ద చిల్లుల మెష్, మిగతా చోట సన్న అల్లిక. కుట్లు చదునుగా ఉంటాయి. తడిశాక కూడా గుడ్డ ఒంటికి అంటుకోకుండా కొంచెం ఎడంగా నిలబడుతుంది, దీనికి కారణం లోపలి ముఖం గరుకుగా, చిన్న చిన్న బుడిపెలతో అల్లడం, చర్మాన్ని తాకే చోట్లు తగ్గుతాయి. దాంతో తడిసినట్టు తెలుస్తుంది గానీ చిరాకనిపించదు. లోపం చెప్పాలంటే రంగులు: బూడిద రంగు, లేత నీలం కొన్నారా, చెమట పటం గీసినట్టు కనిపిస్తుంది, ఆఫీసు జిమ్‌లో మీటింగుకు ముందు వేసుకునేది కాదు. నలుపో, ముదురు నీలమో, పూర్తి తెలుపో తీసుకోండి. తెల్లదైతే తడిశాక లోపలిదంతా కనిపిస్తుంది, ముందే చెబుతున్నా. తొమ్మిది మార్కులు.

విదేశీ బ్రాండుది ₹2,500, ఆషాఢం సేల్‌లో కొంత తగ్గించి ఇచ్చారు. బాగుందా అంటే బాగుంది. అన్నిటికన్నా తేలిక, మెడ దగ్గర లేబుల్ కుట్టకుండా ముద్ర వేశారు, చేతులు పైకెత్తినప్పుడు నడుము దగ్గర పైకి లేవదు, అంత శ్రద్ధగా కత్తిరించారు. కానీ చెమట లాగడంలో ఐదు వందల దానికీ దీనికీ తేడా నాకు తెలియలేదు. రెండిటినీ ఒకే బకెట్‌లో ముంచి, మెషిన్‌లో పిండి, బాల్కనీలో పక్కపక్కన ఆరేస్తే దాదాపు ఒకేసారి ఆరాయి. ఆ మిగతా రెండు వేలు కత్తిరింపుకూ, కుట్టుపనికీ, ఛాతీ మీద ఉన్న గుర్తుకూ. కొనగలిగినవాళ్లు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. కొనలేనివాళ్లు ఏదో పోగొట్టుకుంటున్నామని టెన్షన్ పడక్కర్లేదు.

బిగుతు నైలాన్-స్పాండెక్స్‌ది షటిల్‌కు, జిమ్‌కు సరే. నైలాన్ మెత్తగా ఉంటుంది, చిరగదు, కానీ పాలిస్టర్ కన్నా నిదానంగా ఆరుతుంది. బయట పరుగుకు మాత్రం చెన్నైలో వదులు టీషర్టే మేలు, నడుస్తున్నా పరిగెడుతున్నా లోపలికి బయటికి కాస్త గాలి ఆడుతుంది.

పందేల్లో ఇచ్చే టీషర్టుల దగ్గరికొద్దాం. ముందువైపు పందెం పేరు, వెనక మెడ నుంచి నడుము దాకా స్పాన్సర్ల గుర్తులు, రబ్బరులా మందంగా ముద్రించి ఉంటాయి. చెమట ఎక్కువ పట్టేది వీపు మధ్యలోనే, సరిగ్గా అక్కడే ప్లాస్టిక్ పలక అతికించినట్టు. గుడ్డ ఎంత మంచిదైనా ఆ ముద్ర కింద ఒక్క చిల్లూ తెరుచుకోదు. వేలితో తడిమితే ముద్ర గుడ్డ మీద ఎత్తుగా తగులుతోందంటే దాన్ని రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఉంచుకోండి. ఇంకో రకం ముద్రణ ఉంది, సబ్లిమేషన్. రంగు వేడికి ఆవిరై పోగులోకే ఎక్కుతుంది, తడిమితే ఏమీ తగలదు, గాలి ఆడటం ఆగదు. పాలిస్టర్ మీదే ఇది బాగా కుదురుతుంది, నూలు మీద కుదరదు. మా వీకెండ్ క్రికెట్ జట్టుకు పెరియమేడులోనే జెర్సీలు చేయించాం, పేర్లు, నంబర్లు, మధ్యలో నెమలి బొమ్మ, అన్నీ సబ్లిమేషనే. పేర్లు తెలుగులో రాయించబోతే ఒత్తులు ఎగిరిపోయి ఒకరి పేరు ఇంకొకరిదైంది, అది వేరే కథ. తెలుగు అక్షరాలు కావాలంటే డిజైన్‌ను బొమ్మగా చేసి పంపండి, టైపు చేసి పంపొద్దు.

వాసన గురించి రాయకపోతే ఈ రివ్యూ అబద్ధమవుతుంది. పాలిస్టర్‌కు నీళ్లు గిట్టవు గానీ నూనె జిడ్డు బాగా ఇష్టం, ఒంటి జిడ్డును పట్టుకుని ఒక పట్టాన వదలదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఈ సంగతి పరీక్షించారు, వ్యాయామం చేసినవాళ్ల టీషర్టులు తీసుకుని మర్నాటిదాకా ఉంచి వాసన చూపించారు. పాలిస్టర్‌వే ఎక్కువ కంపు కొట్టాయి, వాసన పుట్టించే మైక్రోకాకస్ జాతి బాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగిందని తేల్చారు. మా ఆవిడ ఏ ప్రయోగశాలా లేకుండానే తేల్చింది, నా టీషర్టులకు బాత్‌రూమ్ బయట వేరే బకెట్ పెట్టేసింది. ‘వాసన రాదు’ అని వెండి పూత పేరు చెప్పి అమ్మేవాటికి ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఒక పని చేసి చూడండి: వచ్చీ రాగానే మూటకట్టి మూల పడేయకుండా, స్నానంలోనే మామూలు నీళ్లతో జాడించి ఆరేయండి. సగం పీడ అక్కడే వదులుతుంది.

ఉతకడం కూడా చెన్నైలో ఒక సమస్యే. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, లేదంటే ట్యాంకరు నీళ్లు, రెండూ ఉప్పే. ఆ కఠిన జలంలో సర్ఫు సరిగ్గా జాడించకపోతే గుడ్డ గట్టిపడి, పోగుల మధ్య సందులు పూడిపోతాయి. సర్ఫు తగ్గించండి, నీళ్లు పెంచండి, లోపలి వైపు బయటికి తిప్పి ఉతకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి. మల్లెపూల వాసన వస్తుంది నిజమే, కానీ అది పోగు మీద జారుడు పొరలా అంటుకుని చెమట పాకే దారి మూసేస్తుంది. ఇస్త్రీ అసలక్కర్లేదు. ఒకవైపు ఇన్ని తిప్పలున్నా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పట్టుకున్నప్పుడు ఈ గుడ్డ విలువ తెలుస్తుంది. నూలు బట్టలు రెండ్రోజులైనా ఆరక ముక్కిన వాసన కొడుతుంటే, ఇవి రాత్రి ఫ్యాన్ కింద వేస్తే పొద్దున్నకు సిద్ధం. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఉతికిన ప్రతిసారీ వీటి నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి, సీసాలు కరిగించి చేసిన రీసైకిల్డ్ పాలిస్టర్ అయినా అంతే. కాబట్టి పది కొని పడేసే కన్నా మూడు కొని చిరిగేదాకా వాడటమే నాకు సబబు అనిపిస్తోంది.

ఆడవాళ్ల సంగతికొస్తే నాకు కోపమొస్తుంది. మా ఆవిడ పానగల్ పార్కులో నడుస్తుంది, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన మన పానగల్ రాజా గారి పేరు మీదున్న పార్కే. ఆమెకు కావలసింది మోచేతి దాకా చేతులు, నడుము కిందికి వచ్చే పొడుగు, పల్చటి మెష్. పెద్ద షోరూముల్లో ఆడవాళ్ల వైపు బిగుతువి, పొట్టివి తప్ప లేవు, ఉన్నవాటిలో పొడుగువి రెట్టింపు ధర. పెరియమేడులో సైజు చూసుకోవడానికి ట్రయల్ రూమే లేదు, అడిగితే ‘మగవాళ్ల ఎం సైజు సరిపోద్దిలే అక్కా’ అంటారు. చివరికి ఆమె చేసిన పని ఇది: అదే డాట్ నిట్ గుడ్డ మీటర్ల లెక్కన కొని, మా వీధి టైలరు దగ్గర రెండు పొడుగు టాపులు కుట్టించుకుంది. సాగే గుడ్డ కాబట్టి మామూలు సూదితో కుట్టు ఎగిరిపోతుందని టైలరు ముందు గునిశాడు, బాల్‌పాయింట్ సూది పెట్టి ఓవర్‌లాక్ చేసి ఇచ్చాడు. గుడ్డా కుట్టుకూలీ కలిపి షోరూమ్ ధరలో సగానికి వచ్చింది, పైగా జేబు కూడా పెట్టించుకుంది, ఫోను పట్టేంతది. షోరూముల్లో ఆడవాళ్ల టాపులకు ఆ జేబు ఎక్కడా చూడలేదు.

పెరియమేడులో బేరం ఆడొచ్చు, రెండు మూడు కలిపి తీసుకుంటే తగ్గిస్తారు. మార్పిడి మాత్రం చాలాచోట్ల కష్టం, బిల్లు అడిగి తీసుకోండి, లేబుల్ కత్తిరించే ముందే ఇంట్లో తొడిగి చూసుకోండి. ఇంకా, దుకాణంలో నీళ్ల బొట్టు వేసి చూస్తామంటే మొహం చిట్లించే చోట కొనొద్దు, పక్కనే ఇంకో దుకాణం ఉంటుంది.